ఐదు పెన్‌డ్రైవ్‌లు, ఒక అక్క

ఆ సోమవారం ఉదయం ఇన్‌స్పెక్టరు గారు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, బాల్కనీ తలుపు గొళ్లెం బిగించడం. రెండు, ఇంట్లో కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎంపిక చేయడం. మొదటిది పావుగంటలో అయిపోయింది. రెండోది మొగుడూ పెళ్లాలను డాక్టరు గది దాకా నడిపించింది కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆయన ముప్పై నాలుగేళ్లు లిఫ్టుల తనిఖీ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ లిఫ్టునైనా ఖాళీగా నడిపి, ఇసుక బస్తాలు వేసి నడిపి, మధ్యలో కరెంటు తీయించి చూస్తేగాని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవారు కాదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. కొత్త కుర్చీ కొంటే మూడు రోజులు దాని మీద పాత పుస్తకాల మూట కూర్చునేది. ఆ తర్వాతే మనుషులు.

అలాంటి మనిషి కంప్యూటరు తెర మీద ఒకనాడు నోటీసు పడింది. అందులో ఉన్న సిస్టం పాతబడిపోయిందట, ఇకమీదట దానికి భద్రతా మార్పులు పంపేది లేదట. గడువు తీరిన సర్టిఫికెట్‌తో ఒక్క రోజు నడపడం కూడా ఆయన వల్ల కాదు. యంత్రం చూస్తే ఇంకా గట్టిగానే ఉంది, పారేయడానికి మనసొప్పదు. ఆయన వాళ్లావిడ అక్క కూతురికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూస్తుంది.

"ఓపెన్ సోర్స్ సిస్టంలని ఉంటాయి బాబాయ్. లోపల ఎలా కట్టారో అందరికీ చూపించి మరీ ఊరికే ఇస్తారు. పాత కంప్యూటర్లలో కూడా హాయిగా నడుస్తాయి" అంది.

"లోపల ఎలా కట్టారో చూపిస్తారా?" ఇన్‌స్పెక్టరు గారి గొంతు మెత్తబడింది. ఆయన సర్వీసులో ఏ లిఫ్టు కంపెనీ కూడా అడక్కుండా మూత తీసి చూపించిన పాపాన పోలేదు. "ఎన్ని రకాలున్నాయి?"

"వందలు. అవన్నీ మీకెందుకు? కొత్తవాళ్లకి సులువుగా ఉండేవి ఓ ఐదు తీసి, ఐదు పెన్‌డ్రైవ్‌లలో వేసి పంపిస్తాను. ఒక్కోటీ పెట్టి చూడండి. చూస్తున్నంతసేపూ మీ కంప్యూటర్లో ఉన్నదేదీ చెడదు. నచ్చింది ఏదో ఒకటి పెట్టేసుకోండి."

ఏదీ చెడదు అన్న మాట ఆయనకు బాగా నచ్చింది. ఏదో ఒకటి అన్న మాట మాత్రం చెవికెక్కలేదు.

ఇక ఆయన భార్య. ఆవిడ కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసే స్టెనో. సాక్షులు ఏడ్చినా, లాయర్లు అరిచినా, జడ్జిగారు సణిగినా ఒక్క ముక్క పోకుండా కాగితం మీదికి ఎక్కించేది. రిటైరై నాలుగేళ్లయినా, బల్లకు అవతల కూర్చుని ఎవరైనా మాట్లాడితే ఈవిడ వేళ్లు వాటంతటవే పెన్సిల్ కోసం వెతుక్కునేవి. ఇంట్లో ఏ గొడవలోనైనా "మీరు ఆ మాట అనలేదు, ఇదుగో ఇలా అన్నారు" అని మొగుడి మాటను మొగుడికే అక్షరాలా అప్పజెప్పేది. ఆయనకు అప్పీలు ఉండేది కాదు.

ఆవిడ అక్క పోయి ఏడాది కావస్తోంది. పోకముందు మూడేళ్లపాటు అన్నీ మరిచిపోతూ వచ్చింది. మొదట ఇంటి తాళం, తర్వాత వీధి, చివరికి కన్న కూతురు. ఆ కూతురే ఈ మధ్య వచ్చినప్పుడు అడిగింది. "పిన్నీ, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ తెలీదు. కాస్త రాసి పెట్టవూ?" ఆవిడ సరేనంది. అన్నదేగానీ అప్పట్నుంచి ఆవిడకు లోపల ఒక బెంగ పట్టుకుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోతే గుండె గుభేలుమనేది. అక్కకు వచ్చింది నాకూ వస్తుందేమో అన్న భయం. ఎవరితోనూ అనలేదు. గుర్తున్నదంతా ఉండగానే రాసేయాలి అనుకుంది.

కాబట్టి సోమవారం ఆయన మొదటి పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

తెర మీద రెండు మాటలు కనిపించాయి. "ఇన్‌స్టాల్ చేయండి" అని ఒకటి, "ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూడండి" అని ఇంకొకటి. పరీక్షించకుండా పెట్టేసుకోవడం ఆయన జాతకంలోనే లేదు. రెండోది నొక్కారు. కొండల బొమ్మతో తెర తెరుచుకుంది. ఆయన పొడుగు నోటుబుక్కు తీసి గంటసేపు అటూ ఇటూ నొక్కి మార్కులు వేసుకున్నారు. వేగం, ఏడు. అక్షరాల సైజు, ఎనిమిది. తర్వాత కుర్చీ ఖాళీ చేసి, "ఇసుక బస్తాల పరీక్ష నీదే, నీకు కావలసింది టైపు చేసుకో. బరువు పడితేగాని దాని సత్తా తెలీదు" అన్నారు.

ఆవిడ మధ్యాహ్నం దాకా టైపు చేసింది. మొదటి పేజీ ఆయనకు చదివి వినిపించింది. బడి ఎగ్గొట్టిన రోజుల్లో అక్క సెలవు చీటీ మీద నాన్న సంతకం తనే పెట్టేసేదట. ఒకసారి హెడ్మాస్టరు అనుమానించి అసలు సంతకం కోసం నాన్నను పిలిపిస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నాన్నదే దొంగ సంతకమని తేల్చారట.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. ఆయనకూ వదినగారికీ మొదట్నుంచీ అంతంతమాత్రమే. పెళ్లిచూపుల నాడు ఆవిడ "ఈయన నవ్వాలన్నా పైనుంచి ఆర్డరు రావాలేమో" అన్న మాట ముప్పై ఐదేళ్లుగా ఆయన కడుపులోనే ఉంది.

సాయంత్రం ఆరింటికి కంప్యూటరు ఆపేసి, పెన్‌డ్రైవ్ తీసి, ప్లగ్గు కూడా పీకేశారు. పరీక్ష అయ్యాక లిఫ్టును కింది అంతస్తుకు దించి కరెంటు తీయాలన్నది ఆయన ఉద్యోగ ధర్మం.

మంగళవారం రెండోది. దాని తెర మీద పిట్ట ఉంది. "నేను నిన్న రాసింది ఏదండీ?" అని ఆవిడ అడిగితే, "అది నిన్నటి సిస్టంలో ఉంటుంది, ఎక్కడికీ పోదు. నువ్వు కానివ్వు, చివర్లో అన్నీ కలుపుకోవచ్చు" అన్నారు. సబబుగానే ఉందనిపించి ఆవిడ అక్క హైస్కూలు రోజులు రాసింది. బుధవారం పడవ బొమ్మది. అందులో అక్క మొదటి ఉద్యోగం రాసింది. ప్రతి సాయంత్రం ఆరింటికి ప్లగ్గు పీకడం జరుగుతూనే ఉంది.

గురువారం పొద్దున్నే ఆవిడ మూడు భాగాలూ ఒకచోట చేర్చమంది. ఆయన కొండలది పెట్టారు. అది ఇంటి వైఫై పాస్‌వర్డ్ మళ్లీ అడిగింది. సోమవారం ఇచ్చినదే. పరిచయం ఉన్నా గుర్తింపు కార్డు అడిగే కాపలావాడంటే ఆయనకు గౌరవం. భద్రత అన్న గడిలో పదికి పది వేసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ రాసిన పేజీల కోసం వెతికారు. లేవు. పిట్టది పెట్టారు. అదీ పాస్‌వర్డ్ అడిగింది, దానికీ పది. పేజీలు లేవు. పడవది కూడా అంతే.

"సేవ్ చేశావా?" అన్నారు.

"చేశాను. మూడు రోజులూ చేశాను. 'అక్క' అని పేరు కూడా పెట్టాను."

"మరి లేవే."

"లేకపోవడమేంటండీ? సోమవారం మీకు చదివి వినిపించాను కదా."

"చదివావులే. తర్వాత సేవ్ చేయడం మర్చిపోయుంటావు."

"మూడు రోజులూ మర్చిపోతానా?"

ఆ ప్రశ్నతో ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. అక్క కూడా అచ్చం ఇలాగే, స్టవ్ మీద గిన్నె మాడిపోతుంటే, ఎప్పుడో ఆర్పేశానని ఒట్టేసి చెప్పేది.

"పర్లేదులే" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, ఎంతో మృదువుగా. "మళ్లీ రాసుకుందువుగాని. కాఫీ పెట్టనా?"

పెళ్లయిన నాటి నుంచి ఆయన కాఫీ తాగడమే గాని పెట్టింది లేదు. పేజీలు పోయినందుకు పడ్డ భయం కంటే ఆయన మంచితనానికి పడ్డ భయమే ఎక్కువ.

ఆ రోజు నాలుగోది, ఏనుగు బొమ్మది. ఆవిడ పంతంగా కూర్చుని మొత్తం మొదటి నుంచి రాసింది. ఆయన తలుపు పక్కనుంచి తొంగిచూశారు. తెర మీద మళ్లీ సెలవు చీటీ, మళ్లీ నాన్న సంతకం, మళ్లీ హెడ్మాస్టరు. చెప్పిందే చెబుతోంది అనుకుని ఆయన నిశ్శబ్దంగా వంటింట్లోకి వెళ్లి, కాసేపు ఫ్రిజ్ తెరిచి ఊరికే చూస్తూ నిలబడ్డారు.

ఆవిడ ఈసారి జాగ్రత్త పడింది. చిన్న నోటుబుక్కులో షార్ట్‌హ్యాండులో వాంగ్మూలం రాసుకుంది. "గురువారం, నాలుగు గంటల పది నిమిషాలు. తొమ్మిది పేజీలు. సేవ్ చేశాను, రెండుసార్లు చూసుకున్నాను. ఆయన బాత్రూములో పాడుతున్నారు." శుక్రవారం ఉదయం ఏనుగుదే మళ్లీ పెట్టించింది. పాస్‌వర్డ్ అడిగింది, పది మార్కులు పుచ్చుకుంది, తొమ్మిది పేజీలూ లేవంది.

ఆవిడ నోటుబుక్కు తీసి తన వాంగ్మూలం తనే చదువుకుంది. ఒక సాక్షి రాశానంటోంది, ఇంకో సాక్షి రాయలేదంటోంది. రెండూ నిజం కావడం కుదరదు. తన బుర్రయినా పాడై ఉండాలి, లేదంటే రాసినదాన్ని ఎవరో చెరిపేస్తూ ఉండాలి. ఇంట్లో ఉన్న రెండో మనిషి ఒక్కరే. ఆయనకు అక్కంటే పడదు. రోజూ సాయంత్రం కంప్యూటరు దగ్గర చివరగా ఉండేదీ ఆయనే. తనకు మతిమరుపు రావడమా, ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి అంతటి పని చేయడమా? రెండింటిలో ఏది నిజమైతే తనకు నయమో ఆవిడకు తేలలేదు. అయినా ఐదోది, చుక్కల బొమ్మది పెట్టించుకుని మళ్లీ మొదటి నుంచి రాసింది. ఈసారి ఆయన కాఫీ తెస్తే చప్పున తెర ఆపేసింది. ఆ దాపరికం చూసి ఆయన గుండె ఇంకాస్త జారింది.

మధ్యాహ్నం మేడ మీదికి వెళ్లి అక్క కూతురికి ఫోన్ చేశారు. "మీ పిన్ని రాయనివి రాశానంటోంది. రాసిందే రాస్తోంది. నా మీద అనుమానం కూడా మొదలైనట్టుంది" అన్నారు.

"అమ్మకీ ఇలాగే మొదలైంది బాబాయ్" అంది ఆ అమ్మాయి. "రేపు పొద్దున్నే వస్తాను. డాక్టర్ని కూడా మాట్లాడి ఉంచుతాను. పిన్నికి బీపీ చూపించుకోవడానికని చెప్పండి."

శనివారం ముగ్గురూ బయల్దేరారు. బీపీకి ఇద్దరు కాపలా ఎందుకో ఆవిడకు తెలియక కాదు. నిజం ఏదో తేలిపోవాలని తనకూ ఉంది, అందుకే మాట్లాడకుండా ఆటో ఎక్కింది.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. మిగతా ఇద్దర్నీ బయట కూర్చోమని, ఆవిడ ముందు తెల్లకాగితం, పెన్సిల్ పెట్టాడు. "నేను మూడు మాటలు చెబుతానమ్మా, గుర్తుపెట్టుకోండి. తర్వాత అడుగుతాను" అన్నాడు. ఈలోగా అతనికి ఫోన్ వచ్చింది, మాట్లాడాడు. తారీఖు అడిగాడు, చెప్పింది. వందలోంచి ఏడేసి తీసేయమన్నాడు, ఆపమనేదాకా తీసింది. "ఇప్పుడా మూడు మాటలు చెప్పండి."

"కుర్చీ, నది."

"ఇంకోటమ్మా?"

"మీరు రెండే చెప్పారు."

డాక్టరు జాలిగా తలూపాడు. అప్పుడు ఆవిడ ముందున్న కాగితం అతని కంటబడింది. కాగితం నిండా వంకరగీతలు, చుక్కలు, కొక్కేలు. ఒక్క అక్షరం లేదు. అతని ముఖంలో రంగు మారింది. వెంటనే మిగతా ఇద్దర్నీ లోపలికి పిలిపించి, కాగితం ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చి, తగ్గు గొంతుతో "ఇలా రాయడం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

ఇన్‌స్పెక్టరు గారు కాగితం చూసి, "నలభై ఏళ్ల నుంచి" అన్నారు.

"నలభై ఏళ్లా?"

"ఇది షార్ట్‌హ్యాండండీ. తను కోర్టులో స్టెనో."

ఆ కుర్ర డాక్టరు ఆ మాట విన్నాడేగాని వస్తువును ఎప్పుడూ చూసినవాడు కాదు. "చదవగలరా?" అన్నాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, కోర్టులో చదివినట్టే చదివింది. "'కుర్చీ. నది. ఒక్క నిమిషం అమ్మా. ఆఁ, చెప్పు. గ్యాస్ బండ రాలేదా? నేనేం చేయను, నేనేమన్నా మోసుకొస్తానా? పేషెంటు ఉన్నారు, తర్వాత మాట్లాడతా. సరే సరే, తప్పు నాదే. ఊఁ, ఎక్కడున్నాం? ఈరోజు తారీఖెంతమ్మా?' ఇంతేనండీ. మూడో మాట లేదు."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. "అమ్మగారి జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. నాకున్నదానికంటే బాగుంది" అన్నాడు.

అక్క కూతురు పిన్నిని గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టరు గారు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఆయన సంబరం ఇంటి దాకా కూడా నిలవలేదు. తన బుర్ర బాగుందని తేలిందంటే ఆవిడ లెక్కలో ఇక ముద్దాయి ఒక్కడే మిగిలాడు.

ఇల్లు చేరగానే ఆవిడ ఆయన్ని కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. తను ఎదురుగా నిలబడింది.

"రోజూ సాయంత్రం దీని దగ్గర ఆఖర్న ఉండేది ఎవరు?"

"నేనే."

"ఏం చేస్తారు?"

"ఆపుతాను. ప్లగ్గు తీస్తాను."

"నేను రాసింది చెరుపుతారా?"

ఇన్‌స్పెక్టరు గారికి మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నేనా? నీ రాత నేను చెరుపుతానా?" అన్నారు అర్థమయ్యాక. "మీ అక్కలా నువ్వూ నన్ను మర్చిపోతావేమోనని మూడు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. రాత్రి నువ్వు నిద్రపోయాక కూడా, పొద్దున లేచి నన్ను ఎవరండీ మీరు అంటుందేమోనని చూస్తూ పడుకుంటున్నాను."

అయినా స్టెనో గదా, విచారణ మధ్యలో ఆపలేదు. "పొద్దున్నే ఏం చేస్తారు?" అంది, స్వరం తగ్గించి.

"పెన్‌డ్రైవ్ పెడతాను. వాడి చూడండి అన్నది నొక్కుతాను. పాస్‌వర్డ్ కొడతాను."

అంతవరకూ గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకుంటున్న అక్క కూతురు ముందుకొచ్చింది. "పాస్‌వర్డ్ రోజూ కొడుతున్నారా బాబాయ్?"

"రోజూ అడుగుతుంది మరి. పెట్టిందే మళ్లీ పెట్టినా అడుగుతుంది. అన్నిటికీ పదేసి మార్కులు వేశాను."

ఆ అమ్మాయి తల పట్టుకుని మంచం మీద కూలబడింది. "అది జాగ్రత్త కాదు బాబాయ్. దానికి మీరు గుర్తులేరు. ఇన్‌స్టాల్ చేయకుండా వాడుతున్నంతకాలం అది ఆపగానే అన్నీ మర్చిపోతుంది. పాస్‌వర్డ్, పిన్ని రాసింది, అన్నీ. నాదే తప్పు. ఏదీ చెడదని చెప్పాను గాని ఏదీ మిగలదని చెప్పలేదు."

మతిమరుపు ఉన్నది నిజమే, ఇంట్లోనే ఉన్నదీ నిజమే. దానికి మాత్రం గురువారం నుంచి పదికి పది పడుతూ వచ్చింది. ముందుగా ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆవిడకే తెలియదు. ఇన్‌స్పెక్టరు గారు పక్కకు వచ్చి, ఏం చేయాలో తోచక, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"అయితే అమ్మ గురించి రాసిందంతా పోయినట్టేగా పిన్నీ" అంది అమ్మాయి నెమ్మదిగా.

"ఎక్కడికి పోతుందే?" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ఒకటికి మూడుసార్లు రాశాను, నోటికొచ్చేసింది. ముందు ఏదో ఒకటి సరిగ్గా పెట్టు. నేను చెబుతాను, నువ్వు కొట్టు."

కుర్చీ దగ్గర్లో ఉన్నది చుక్కలది గనుక దాన్నే పెట్టడం ఖాయమైంది. ఐదింటిలో ఎక్కువ మార్కులు వచ్చింది అది కాదని ఇన్‌స్పెక్టరు గారు గొణిగారు గాని ఎవరూ వినిపించుకోలేదు. పెట్టేముందు అమ్మాయి పద్ధతిగా అడిగింది. "పాత సిస్టంతో పాటు డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది బాబాయ్. ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?"

ఆయన కళ్లు మూసుకుని, రెండు నిమిషాలు క్షుణ్ణంగా ఆలోచించి, "ఏమీ లేవు. నేను పూచీ" అన్నారు. ఆ మాట మీద ఆయన కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు.

ఆవిడ మాత్రం అమ్మాయిని ఆగమని చెప్పి, డిస్కు తెరిపించి చూసింది. సర్వీసు మొత్తంలో ఆయన తీసిన లిఫ్టు తలుపుల ఫొటోలు నాలుగు వందల పన్నెండు, ఒక్కదాంట్లోనూ మనిషన్నవాడు లేకుండా, వరసగా ఉన్నాయి. రిటైరైన రోజు ఇవ్వడానికి రాసుకుని, గొంతు పెగలక ఇవ్వలేకపోయిన ఉపన్యాసం కూడా ఉంది. అన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అప్పుడు కానివ్వమంది.

ఆ మధ్యాహ్నం అక్క బతుకు పద్నాలుగు పేజీల్లో, తెర మీద చుక్కల కింద, ఈసారి నిలిచిపోయేలా ఎక్కింది. దొంగ సంతకం దగ్గర ఇన్‌స్పెక్టరు గారు కూడా నవ్వారు.

ఆయన అడగ్గానే ఇద్దామని ఆవిడ ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో భద్రంగా పెట్టింది. ఎనిమిది నెలలైంది, ఆయన ఇంకా అడగలేదు.